బాలిలో సామూహిక దహన సంస్కారం చూడాలనుకుంటే: తేదీ కనుక్కోవడం నుంచి సముద్రం దాకా

బాలికి వెళ్లే మనవాళ్ల లిస్టులో తానా లోట్ గుడి, ఉబుద్ కోతుల అడవి, పొలాల మీద ఊయల తప్పకుండా ఉంటాయి. జులై నుంచి సెప్టెంబరు లోపు వెళ్తున్నవాళ్లు ఆ లిస్టులో రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. బాలి ఊళ్లలో సామూహిక న్గాబెన్‌లు ఎక్కువగా జరిగేది ఆ నెలల్లోనే. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న తమవాళ్లందరినీ ఊరు ఊరంతా కలిసి ఒకేసారి అగ్నికి అప్పగించే కర్మ అది. బయటివాళ్లను రానిస్తారు, చాలా ఊళ్లలో ఆదరంగానే రానిస్తారు. కాకపోతే ఎలా వెళ్లాలో, ఎక్కడ ఆగిపోవాలో తెలుసుకుని వెళ్లాలి.

ముందు ఆ కర్మ సంగతి కొంచెం. న్గాబెన్ అంటే బాలి హిందువుల దహన సంస్కారం. రాజవంశీకులకు చేసేదాన్ని పెలెబోన్ అంటారు. ఒక కుటుంబం విడిగా చేసుకుంటే పూజారులు, లెక్కలేనన్ని నైవేద్యాలు, దేహాన్ని ఊరేగించే వెదురు గోపురం, ఎద్దులాంటి జంతువు ఆకారంలో చేసే శవపేటిక, రోజుల తరబడి పనికి వచ్చినవాళ్లందరికీ భోజనాలు కలిపి మన డబ్బుల్లో లక్షలవుతుంది. అంత స్తోమత లేనివాళ్లు పోయినవాళ్లను ముందు ఊరి శ్మశానంలో పూడ్చిపెడతారు. మూడేళ్లకో ఐదేళ్లకో ఊరు ఒక ముహూర్తం పెట్టుకుని అందరికీ కలిపి చేస్తుంది. ఖర్చూ పంచుకుంటారు, చాకిరీ పంచుకుంటారు. ఈ పనంతా నడిపేది బంజార్, అంటే పేట సంఘం. పెళ్లయిన ప్రతి ఇంటివాళ్లూ అందులో సభ్యులే, ఎవరింట్లో కార్యమైనా వెళ్లి చెయ్యి వెయ్యాల్సిందే.

దహనం జరిగేదాకా ఆత్మ దారిలో పడదనీ, పిల్లల బాధ్యత తీరదనీ వాళ్ల నమ్మకం. బాలి హిందువులు పాటించే ఐదు యజ్ఞాల్లో ఇది పితృయజ్ఞం కిందికి వస్తుంది. పితృ రుణం అంటే ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తండ్రిని పూడ్చి నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న కొడుక్కి ఆ రోజు గుండె మీద బరువు దిగే రోజు. పైగా ఏడుపు ఆత్మను వెనక్కి లాగుతుందని అంటారు. అందుకే అక్కడ నవ్వు ముఖాలు, చెవులు దద్దరిల్లే వాయిద్యాలు, అల్లరి చేసే పిల్లలు కనిపిస్తారు. వీళ్లకు బాధ లేదా అనుకోకండి. బాధ పూడ్చిన రోజే పడ్డారు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే: మంట ఒక్కటే చూడటానికి వెళ్లకండి. మంట ఒక పూట వ్యవహారం. దానికి ముందు రోజు పందిళ్ల కింద, ఆ తర్వాత సాయంత్రం నీటి ఒడ్డున జరిగేవి కూడా చూడండి. మధ్యలో వచ్చి మంట ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు అదొక తమాషాగానే మిగిలిపోతుంది. ఆ ఊరివాళ్లకు అన్యాయం చేసినట్టే అది.

1. తేదీ కనుక్కోవడం

న్గాబెన్‌లన్నిటికీ కలిపి ఒక క్యాలెండర్ ఎక్కడా దొరకదు. ప్రతి ఊరూ తన పూజారిని అడిగి మంచిరోజు పెట్టుకుంటుంది. దీనికి రెండు లెక్కలు చూస్తారు. ఒకటి 210 రోజుల పావుకోన్ చక్రం. రెండోది చంద్రమానంతో నడిచే శక సంవత్సరం. ఈ రెండోది మనకు కొత్త కాదు, మన పంచాంగం మొదటి పేజీలో ఉండే శాలివాహన శకమే. 2023 మార్చి 22న మనం ఉగాది పచ్చడి తింటుంటే వాళ్లు న్యేపి పేరుతో మౌనంగా కొత్త సంవత్సరం జరుపుకున్నారు. ఇద్దరికీ అది శక సంవత్సరం 1945. అధిక మాసాల లెక్కలో తేడా వల్ల కొన్నేళ్లు ఈ రెండు పండుగలూ దూరం జరుగుతాయి.

గలుంగన్, కునింగన్ పండుగల రోజుల్లో దహనాలు పెట్టుకోరు. బెసాకి మహాలయంలో పదేళ్లకోసారి వచ్చేలాంటి పెద్ద క్రతువులు ఉన్నప్పుడు కూడా ఆపేస్తారు. కాబట్టి టికెట్ తీసుకునే ముందు గలుంగన్ ఎప్పుడు పడిందో నెట్‌లో చూసుకోండి, అది సులువుగానే తెలుస్తుంది.

ఇక అసలు సమాచారం మనుషుల దగ్గరే ఉంటుంది. రిసార్ట్‌లో కాకుండా ఉబుద్, పెలియతాన్, మాస్ లాంటి చోట్ల ఒక కుటుంబం నడిపే హోమ్‌స్టేలో దిగండి. మొదటి రోజు సాయంత్రమే ఇంటాయన్ని అడగండి: "ఈ చుట్టుపక్కల న్గాబెన్ ఏమైనా ఉందా?" అని. ఆయనకు తెలియకపోతే బావమరిదికి తెలుస్తుంది. కార్ డ్రైవర్లకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఏ రోజు ఏ రోడ్డు మూస్తారో వాళ్లకు కావాలి. గియన్యార్, క్లుంగ్‌కుంగ్, కరంగసెమ్ జిల్లాల్లో తిరిగేటప్పుడు రోడ్డు పక్కన టార్పాలిన్ కింద వెదురు గోపురం కడుతున్నా, వరసగా ఎద్దు బొమ్మలకు నల్ల బట్ట అంటిస్తున్నా బండి ఆపి అడగండి. ఆ పని చేస్తున్నవాళ్లే తేదీ, టైము చెప్తారు.

రాజవంశీకుల పెలెబోన్ దొరికితే అది వేరే స్థాయి. 2008 జులై 15న ఉబుద్ రాజకుటుంబ పెద్ద చొకోర్డ గ్డే అగుంగ్ సుయాసకు జరిగిన దహనంలో గోపురం ఎత్తు 28.5 మీటర్లు. ఆయనతో పాటు 68 మంది సామాన్యులకూ అదే ముహూర్తంలో సంస్కారం జరిగింది. రాజుగారి ముహూర్తంలో తమవాళ్లకూ చేయించుకోవడం అక్కడ పాత ఆచారం. అలాంటివి ముందే పత్రికల్లో వస్తాయి, లక్షల జనం వస్తారు. నా ఓటు మాత్రం చిన్న ఊరికే. అక్కడ జనం తోపులాట తక్కువ, పలకరించేవాళ్లు ఎక్కువ.

ఒక హెచ్చరిక. దహన సంస్కారానికి టికెట్ ఉండదు. "న్గాబెన్ టూర్" అని డబ్బు అడిగితే మీరు ఇస్తున్నది బండికీ, గైడ్‌కీ మాత్రమే అని గుర్తుపెట్టుకోండి. ఊరికి ఇవ్వాల్సింది వేరే, దాని సంగతి కిందికి వస్తుంది.

ప్రయాణం గురించి రెండు ముక్కలు. మన పాస్‌పోర్ట్‌కు దిగాక వీసా ఇస్తారు, 30 రోజులకు 5 లక్షల రూపియాలు. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీయులు బాలి ప్రభుత్వానికి ఇంకో 1.5 లక్షల రూపియాలు కట్టాలి, అది ఆన్‌లైన్‌లోనే కట్టేయొచ్చు. బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు.

2. బట్టలు, బ్యాగ్

ఇక్కడ మనవాళ్లకు ఇబ్బంది తక్కువ. నడుముకు లుంగీలా చుట్టుకునే కామెన్, దాని మీద నడుం చుట్టూ కట్టే గుడ్డ పట్టీ సెలెందంగ్, ఇవి రెండూ ఆడామగా అందరికీ తప్పనిసరి. మగవాళ్లు తలకు ఉదెంగ్ కట్టుకుంటే ఇంకా మంచిది. దహనానికి ముదురు రంగులు, నలుపు నప్పుతాయి. ఆడవాళ్లు చీర కట్టుకుని వెళ్లినా ఎవరూ తప్పు పట్టరు, కానీ తడి రోడ్డు మీద గుంపులో కిలోమీటర్ల దూరం నడవాలి కాబట్టి కామెన్, మోచేతుల దాకా చేతులున్న జాకెట్టే సుఖం. ఉబుద్ మార్కెట్లో అన్నీ దొరుకుతాయి. హోమ్‌స్టే వాళ్లను అడిగితే వాళ్లే తెచ్చి కట్టి పంపిస్తారు. షార్ట్స్, చేతుల్లేని టీషర్టులతో వెళ్తే ఎవరూ పైకి ఏమీ అనరు. అనలేదని సరే అనుకోకూడదు.

కాళ్లకు జారని చెప్పులు వేసుకోండి. బ్యాగ్‌లో నీళ్లు, టోపీ, ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి ఒక రుమాలు, కొత్త కవర్‌లో కొంత డబ్బు పెట్టుకోండి. డ్రోన్ హోటల్ గదిలోనే వదిలేయండి. తల మీదుగా ఏదైనా ఎగరడం అక్కడ చాలా తప్పుగా తీసుకుంటారు. పూజారి తలకూ, పోయినవాళ్ల తలకూ పైన ఎవరూ ఉండకూడదు.

ఇంట్లో మైల ఉన్నవాళ్లు, బహిష్టులో ఉన్న ఆడవాళ్లు బాలి గుళ్లలోకి వెళ్లకూడదు. గుడి గేటు దగ్గర బోర్డు కూడా ఉంటుంది. శ్మశానం పక్కనే పుర దాలెమ్ అనే గుడి ఉంటుంది, పొరపాటున దాని ఆవరణలోకి నడిచి వెళ్లకండి.

3. ముందు రోజు ఊరికి వెళ్లడం

దీన్ని దాటవేయకండి. సామూహిక న్గాబెన్ ఒక్క రోజుది కాదు, వారం పైనే నడుస్తుంది. దహనానికి ముందు రోజు మధ్యాహ్నం వెళ్తే ఊళ్లో వెదురుతో, కొబ్బరాకులతో కట్టిన పొడవైన పందిళ్లు కనిపిస్తాయి. లోపల రైలు పెట్టెలోలా గదులుగా విడదీసి, ఒక్కో కుటుంబానికి ఒక్కో అర ఇస్తారు. ప్రతి అర ముందూ ఒక ఫొటో, పేరు, నంబరు. స్కూల్ యూనిఫామ్‌లో ఉన్న అమ్మాయి ఫొటో పక్కనే పళ్లు లేని ముసలాయన ఫొటో ఉంటుంది. కొందరి ఫొటోనే ఉండదు, ఫొటోలు లేని కాలంలో పోయినవాళ్లు.

గుంపుగా తోసుకు వెళ్లకుండా పందిరి బయట నిలబడి, రెండు చేతులూ జోడించి "ఓం స్వస్త్యస్తు" అనండి. అది వాళ్ల నమస్కారం. మన నోట వింటే ముఖాలు వెలిగిపోతాయి. ఇండియా నుంచి అని చెప్తే గంగానది గురించో, మహాభారతం గురించో మాట మొదలవుతుంది. కాఫీ, అరటాకులో చుట్టిన తీపి పిండివంట ఇస్తారు. కుడి చేత్తో తీసుకోండి, రుచి చూడండి. వద్దని తోసేస్తే నొచ్చుకుంటారు. మాంసం తినని వాళ్లు ముందే నేర్చుకోవాల్సిన వాక్యం: "సాయా తిదాక్ మాకన్ దాగింగ్." కార్యాల్లో పంది మాంసం మామూలు. కూరగాయల వంటల్లో కూడా తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు, కాబట్టి గట్టి శాకాహారులు పండ్లు, కాఫీతో సరిపెట్టుకోవడం మేలు.

కవర్ ఇవ్వాల్సింది ఇక్కడే. రోడ్డు మీద ఎవరికో కాదు, బంజార్ వాళ్లు బల్ల వేసుకుని కూర్చున్న చోటో, మిమ్మల్ని కూర్చోబెట్టిన ఇంటి పెద్దకో రెండు చేతులతో ఇవ్వండి. 50 వేలో లక్షో రూపియాలు చాలు. ఎవరూ లెక్క చూడరు, అడగరు కూడా.

పందిరి కింద చూడాల్సింది చేతుల పని. ఎముకలు గానీ, వాటికి బదులుగా చేసిన ప్రతిమ గానీ తెల్ల బట్ట మీద ఉంటుంది. ప్రతిమ చాలాచోట్ల మనిషి ఆకారం గీసిన చిన్న చందనపు పలక. శుద్ధి చేసేటప్పుడు కనుబొమ్మల చోట వేపాకు, కళ్ల మీద అద్దం ముక్కలు, ముక్కు దగ్గర మల్లెమొగ్గలు, పళ్ల చోట ఇనుప ముక్క పెడతారు. మళ్లీ పుట్టేటప్పుడు కనుబొమ్మలు వేపాకులా తీరుగా, చూపు అద్దంలా స్వచ్ఛంగా, పళ్లు ఇనుములా గట్టిగా ఉండాలని. ఆ తర్వాత మంత్రాక్షరాలు గీసిన కాజాంగ్ అనే తెల్లటి గుడ్డ కప్పుతారు. కెపెంగ్ అనే చిల్లుకాసులను దారంతో గుచ్చి మనిషి రూపంలో కట్టిన బొమ్మ కూడా పక్కన పెడతారు. ఒక ముసలామె వేళ్లతో ఆ వేపాకును సరిగ్గా కనుబొమ్మ దగ్గరికి జరిపి, మళ్లీ కాస్త దూరం నుంచి చూసి, ఇంకొంచెం జరుపుతుంది. అప్పుడు అక్కడున్నది ఎముకలు కాదు, ఆమె కూతురు. అలాంటి క్షణంలో కెమెరా కిందికి దించండి.

పూడ్చినవాళ్ల ఎముకలు తవ్వి తీయడం దీనికి ఇంకా ముందే, ఎక్కువగా తెల్లవారుజామున జరుగుతుంది. కొన్ని ఊళ్లలో తవ్వకుండా సమాధి దగ్గర ఆత్మను పిలిచి ప్రతిమలోకి ఆవాహన చేస్తారు. తవ్వే చోటికి ఆ కుటుంబం చెయ్యి పట్టుకుని రమ్మంటే తప్ప వెళ్లకండి. ఎముకలు కడుగుతున్న కొడుకుల్ని వెనక నిలబడి చూసే హక్కు మనకు లేదు.

4. ఊరేగింపు

దహనం రోజు పొద్దున్నే ఊరికి చేరుకోండి. పది తర్వాత రోడ్లు మూసేస్తారు, కారు ఊరి బయటే ఆపుకోవాలి. కుల్‌కుల్ అనే చెక్క డోలు మోత వినిపిస్తే జనం కదులుతున్నారని అర్థం. మధ్యాహ్నానికి ఊరేగింపు మొదలవుతుంది.

ముందు నైవేద్యాలు, పవిత్ర జలం తల మీద పెట్టుకున్న ఆడవాళ్లు నడుస్తారు. ఆ వెనక శవపేటికలు, వాటినే పటులంగన్ అంటారు. మొత్తం ఎద్దులే ఉండవు. సింహం, ఏనుగు తల చేప ఒళ్లు కలిసిన గజమీన కూడా కనిపిస్తాయి. ఏ వంశానికి ఏ జంతువు అనేది పాత కట్టుబాటు, ఇప్పుడు కొంత సడలింది. తర్వాత గోపురం. దాన్ని బదే అనీ, చిన్నదైతే వాదా అనీ అంటారు. అడుగున వాసుకి చుట్టుకున్న తాబేలు, వెనక వైపు కోరలతో భోమ అనే రాక్షసుడి ముఖం. పైన అంతస్తులు బేసి సంఖ్యలో, హోదాను బట్టి పదకొండు దాకా ఉంటాయి. సామూహిక న్గాబెన్‌లో ఇంటికో గోపురం ఉండకపోవచ్చు, అందరికీ కలిపి ఒకటి కడతారు. గోపురానికి కట్టిన పొడవాటి తెల్లబట్టను కుటుంబీకులు తల మీదుగా పట్టుకుని నడుస్తారు. దారి పొడవునా పసుపు కలిపిన బియ్యం, చిల్లుకాసులు చల్లుతారు. మన పల్లెల్లో శవం ముందు చిల్లర, బొరుగులు చల్లడం చూసినవాళ్లకు ఇది చూడగానే గొంతు పట్టేస్తుంది.

నాలుగు రోడ్లు కలిసిన ప్రతిచోటా గోపురాన్ని మూడుసార్లు అప్రదక్షిణంగా తిప్పుతారు, ఆత్మకు ఇంటి దారి గుర్తుండకూడదని. పదుల మంది కుర్రాళ్లు వెదురు చట్రం భుజాన వేసుకుని, కేకలు పెడుతూ, పరిగెత్తుతూ తిప్పుతారు. పక్కనుంచి పైపుతో నీళ్లు కొడుతుంటారు. బలెగంజుర్ దళం తాళాలు, గాంగ్‌లు ఆపకుండా మోగిస్తూనే ఉంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే. గోపురం ఎటు ఒరుగుతుందో మోసేవాళ్లకే తెలియదు. కూడలి మధ్యలో ఫోన్ పైకెత్తి నిలబడకండి. మలుపు లోపలి వైపు కూడా వద్దు. ఏదైనా అంగడి అరుగు మీద, గోడకు ఆనుకుని నిలబడండి. కరెంటు తీగలు ఉన్నచోట వాటిని కర్రలతో ఎత్తుతారు, లేదా ముందే కనెక్షన్ తీసేస్తారు. ఆ తీగల కింద ఆగకండి. తెల్లబట్ట కింది నుంచి దూరడం, దాన్ని దాటడం అస్సలు చేయకండి. చోటు దొరక్కపోతే గోపురం వెళ్లిపోయాక వెనక వచ్చే ఊరి జనంతో కలిసి నడవండి. నిజానికి అదే మంచి చోటు, ఎవరో ఒకరు పక్కన నడుస్తూ ఎవరు ఎవరో చెప్పుకుంటూ వస్తారు.

5. శ్మశానంలో

మన చాలా ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. అక్కడ తల్లులు, కోడళ్లు, చంటిపిల్లలు అందరూ వస్తారు. మీతో వచ్చిన ఆడవాళ్లు బయటే ఉండిపోవాల్సిన పని లేదు. ఐస్‌క్రీమ్ బండి, బక్సో సూప్ బండి కూడా ఉంటాయి. విడ్డూరంగా చూడకండి, పొద్దుట నుంచి నిలబడ్డ మనుషులకు ఆకలి వేస్తుంది.

తెల్ల పందిరి కింద శవపేటికలు వరసగా పెట్టి ఉంటాయి. ఎద్దు వీపును మూతలా కోసి తెరుస్తారు. గోపురం నుంచి దించిన మూటను మూడుసార్లు అప్రదక్షిణంగా తిప్పి అందులో పెడతారు. పెదండ, అంటే బ్రాహ్మణ పూజారి, గంట మోగిస్తూ మంత్రాలు చదువుతుంటే మధ్యలో మనకు తెలిసిన సంస్కృత పదాలు చెవిన పడతాయి. ఆయన కంటే ఎత్తులో నిలబడకండి, ఆయన ముందు నుంచి నడవకండి. ఒక్కో కుండా నీళ్లు పోసి పగలగొడతారు. ఈ నీళ్లే అసలైనవి. న్గాబెన్‌లో అగ్ని కంటే తీర్థానికి ప్రాధాన్యం ఎక్కువ. పూజారి ఇచ్చే తీర్థం లేకుండా ఎంత మంట పెట్టినా కర్మ పూర్తయినట్టు కాదు.

కుటుంబం ఆఖరిసారి పేటిక చుట్టూ చేరే సమయం ఇది. ఒకటి రెండు నిమిషాలే. అప్పుడు వెనక్కి జరిగి నిలబడండి.

ఇప్పుడు చాలాచోట్ల కట్టెలతో పాటు గ్యాస్ బర్నర్లు పెడతారు, ఆ హోరు భయపెట్టేలా ఉంటుంది. కాగితం, గుడ్డ, దూది నిమిషాల్లో పోతాయి. ఎముకలు మాత్రమే ఉంటే త్వరగా అయిపోతుంది. ఈ మధ్యే పోయినవాళ్ల పూర్తి దేహం ఉంటే గంట పైనే పడుతుంది, కొంత కంటికి కనిపిస్తుంది కూడా. పొగ మీ మీదికి రాకుండా గాలి వచ్చే వైపున నిలబడండి. పిల్లల్ని తీసుకెళ్తే ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి, చూడలేకపోతే నీడలోకి తీసుకుపోండి. అక్కడి పిల్లలకు చిన్నప్పటి నుంచి అలవాటు, మన పిల్లలకు కాదు.

ఫొటోల విషయం. ఊరేగింపు, గోపురం, వాయిద్యాలు తీసుకోవచ్చు. మనుషుల ముఖాలు దగ్గర నుంచి తీయాలంటే "బోలే ఫోతో?" అని అడగండి. ఫ్లాష్ వద్దు. మంటలో ఉన్నదాన్ని జూమ్ చేసి తీయడం, మంట ముందు నిలబడి సెల్ఫీ తీసుకోవడం దయచేసి వద్దు. మన నాన్న చితి ముందు ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా?

6. బూడిద, నీళ్లు

మంట చల్లారగానే టూరిస్టుల్లో ఎక్కువమంది వెళ్లిపోతారు. మీరు ఉండండి, పక్కన కూర్చోండి. బూడిద మీద నీళ్లు చల్లి, కుటుంబీకులు గుండ్రంగా కూర్చుని మిగిలిన ఎముక ముక్కలు ఏరుతారు. వాటిని మట్టి పాత్రలో వేసి చెరకు గడతో మెత్తగా నూరుతారు. చిన్న మనవడి చేతికి కూడా ఆ చెరకు గడ ఇచ్చి కాసేపు నూరిస్తారు. ఆ పొడిని పసుపు రంగు కొబ్బరిబొండంలో పోసి తెల్లబట్ట చుట్టి పూలు పెడతారు. పొద్దుట నుంచి హోరెత్తిన చోట అప్పటికి మాటలు తగ్గిపోతాయి. కొందరి కళ్లలో నీళ్లు కనిపించేది అప్పుడే.

ఆ సాయంత్రమో, రాత్రికో వాటిని నీటికి తీసుకెళ్తారు. దీన్ని న్గన్యుత్ అంటారు. గియన్యార్ వైపు ఊళ్లు లెబి బీచ్‌కి, దెన్‌పసార్, సనూర్ వైపు వాళ్లు మతహారి తెర్బిత్ బీచ్‌కి వస్తారు. సముద్రం దూరమైన కొండ ఊళ్లవాళ్లు నదిలో కలుపుతారు. గోదావరిలోనో కృష్ణలోనో అస్థికలు కలిపి వచ్చినవాళ్లకు అక్కడ ఏం జరుగుతోందో చెప్పనక్కర్లేదు. లారీల్లో జనంతో పాటు వెళ్లడానికి వాళ్లు పిలిస్తే వెళ్లండి. పిలవకపోతే బీచ్‌కి విడిగా వెళ్లి కాస్త దూరంలో ఇసుకలో కూర్చోవచ్చు. ఆ సమయంలో అక్కడ ఈతకు దిగకండి.

బయల్దేరే ముందు మిమ్మల్ని కూర్చోబెట్టిన ఇంటివాళ్లకు "సుక్స్మ" అని చెప్పండి, బాలి భాషలో కృతజ్ఞత చెప్పే మాట అది. వాళ్ల వాట్సాప్ నంబర్ తీసుకుని మీరు తీసిన మంచి ఫొటోలు పంపండి. ఆ రోజు పనుల్లో పడి వాళ్ల ఇంట్లో ఎవరూ సరిగ్గా ఫొటో తీసి ఉండరు.

గదికి వచ్చి తలస్నానం చేయండి, మన పద్ధతే. ఆ రోజు ఇంకే గుడికీ ప్లాన్ పెట్టుకోకండి. శ్మశానం నుంచి నేరుగా గుడికి వెళ్లడం వాళ్లకూ మైలే. బెసాకి, తీర్థ ఎంపుల్ లాంటివి మర్నాటికో ఆ పై రోజుకో జరపండి.

ఇంకా కొన్నాళ్లు బాలిలో ఉండేవాళ్లు ఒక మాట అడిగి చూడండి. దహనంతో కర్మ పూర్తి కాదు. పన్నెండో రోజున గానీ, డబ్బు కూడాక ఇంకెప్పుడైనా గానీ మళ్లీ ఒక క్రతువు చేసి ఆత్మను పితృదేవతగా ఇంటి గుళ్లో కూర్చోబెడతారు. పెద్ద ఎత్తున చేస్తే దాన్ని మముకుర్ అంటారు. అది ఇంటి లోపలి కార్యం. తోసుకుని వెళ్లే వీల్లేదు, వాళ్లు పిలవాలి. ముందు రోజు నుంచి సముద్రం దాకా వాళ్లతో ఉన్నవాళ్లను చాలాసార్లు వాళ్లే పిలుస్తారు. ఆ రోజుకు నల్ల బట్టలు కాదు, తెలుపో పసుపో కట్టుకుని వెళ్లండి.